ఆ అమ్మాయికి ఇచ్చిన సలహా సరిపోదు: గ్రే వేరు, డెమీ వేరు

ఎడిటర్ గారికి,

నమస్కారమండీ. మీ పేపర్ మా నాన్న టైమ్ నుంచీ మా ఇంటికొస్తది, ఆదివారం పుస్తకం అయితే ముందు మా ఆవిడ చదివాకే నా చేతికొచ్చిద్ది. పోయిన ఆదివారం సలహాల పేజీలో ఒకమ్మాయి రాసిన ఉత్తరం, దానికి మీ కౌన్సెలర్ గారు ఇచ్చిన జవాబు చదివి ఇది రాస్తున్నా. పొడుగయిద్ది, తెలుసు. కట్ చేయాల్సొస్తే నా సొంత సంగతులు కట్ చేసుకోండి, గ్రేకి (లైంగిక ఆకర్షణ ఎప్పుడో అరుదుగానో, పల్చగానో కలిగే వాళ్ళు) డెమీకి (మనసులు గట్టిగా కలిశాకే అది కలిగే వాళ్ళు) తేడా చెప్పిన చోటు మాత్రం ఉంచండి, ఎందుకంటే ఆ తేడా తెలీక ఇచ్చిన సలహా వల్ల ఆ అమ్మాయి ఇంకో పదేళ్ళు తనని తాను తిట్టుకుంటా బతికిద్దేమోనని నా భయం.

ఆమె ఏం రాసిందంటే, పెళ్ళై కొన్నేళ్ళయింది, భర్త మంచోడు, ఇద్దరూ ఫ్రెండ్స్ లాగా ఉంటారు, ఆయనకి జ్వరమొస్తే ఈమెకి నిద్ర పట్టదు, అంత ప్రేమ, అయినా ఆయన మీద ఆ రకమైన ఆకర్షణ ఎప్పుడో తప్ప కలగదు, అదీ ఎప్పుడొచ్చిద్దో ఎందుకొచ్చిద్దో తనకే తెలీదు, వచ్చినా పల్చగా వచ్చి పోద్ది, కాలేజీ రోజుల నుంచీ ఎవరి విషయంలో అయినా అంతే అని. దానికి జవాబు ఏంటంటే మీరు డెమీసెక్సువల్ అయ్యుండొచ్చు, మనసులు బాగా కలిస్తే అదే వచ్చేస్తది, భర్తతో ఇంకొంచెం ఎక్కువ టైమ్ గడపండి, ఇద్దరూ ఎటైనా టూర్ వెళ్ళి రండి అని. కౌన్సెలర్ గారు మంచి మనసుతోనే చెప్పారు, అందులో నాకు అనుమానం లేదు, డెమీసెక్సువల్ అనే మాట తెలుగు పేపర్లో కనపడిందని ఆ రోజు మా ఇంట్లో ఇద్దరం సంతోషపడ్డాం కూడా. కానీ ఆ అమ్మాయి రాసింది మళ్ళీ ఒక్కసారి చదవండి. మనసులు ఎప్పుడో కలిశాయని ఆమే చెప్తుంది కదా! ఇంకా కలపమంటే ఆమె ఎక్కడికి పోవాలి?

నేను డాక్టర్ని కాదు, తెనాలి దగ్గర ఒక సహకార సంఘంలో గుమాస్తాని. కానీ ఈ విషయం నా ఒంటికి సంబంధించింది కాబట్టి ఏళ్ళ తరబడి దొరికిందల్లా చదివాను. నేను గ్రే ఏసెక్సువల్. మా పిన్ని కూతురు డెమీసెక్సువల్. ఒకే కుటుంబంలో, ఒకే వంటింటి భోజనం తిని పెరిగిన మా ఇద్దరికీ ఈ విషయంలో ఎంత తేడానో దగ్గర్నుంచి చూశాను కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నా.

ముందు మొదటి మెట్టు. ఏసెక్సువల్ అంటే ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగని వాళ్ళు, ఆడవాళ్ళ మీదా కాదు మగవాళ్ళ మీదా కాదు. వీళ్ళల్లో చాలామందికి ప్రేమ పుడతది, తోడు కావాలనిపిస్తది, పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనే వాళ్ళూ ఉన్నారు, ఆకర్షణ ఒక్కటే ఉండదు. అటు చివర మిగతా లోకమంతా, అంటే రోడ్డు మీద పోయే మనిషిని చూసినా, సినిమా హీరోయిన్ని చూసినా ఒంట్లో ఏదో కదిలే వాళ్ళు. ఈ రెండు చివరల మధ్య బోలెడంత జాగా ఉంది, అక్కడ ఉండే వాళ్ళమే మేము గ్రే ఏసెక్సువల్స్. కొందరికి ఆకర్షణ బాగా అరుదుగా వస్తది, కొందరికి వచ్చినా చాలా పల్చగా వస్తది, కొందరికి వస్తది కానీ దాని మీద ఏమన్నా చేయాలనేంత బలం దానికి ఉండదు, కొందరికి ఏదో ఒక ప్రత్యేకమైన పరిస్థితిలోనే వస్తది. వచ్చే తీరుకి లెక్క ఉండదు. అనంతపురం వాన అనుకోండి, మబ్బు పట్టినంత మాత్రాన పడదు, అసలు మబ్బే లేని రోజు నాలుగు చినుకులు రాలొచ్చు.

డెమీ వాళ్ళ సంగతి ఇది కాదు. వాళ్ళకి ఒక షరతు ఉంటది, ఆ షరతు దాటకుండా ఏమీ జరగదు. కొత్త మనిషి మీద, మొహం మాత్రమే తెలిసిన మనిషి మీద, ఎంత అందగాడైనా ఎంత అందగత్తె అయినా వాళ్ళకి ఏమీ అనిపించదు. గట్టి మానసిక బంధం ఏర్పడ్డాకే, అది స్నేహం కావొచ్చు ప్రేమ కావొచ్చు, ఆ మనిషి మీద ఆకర్షణ పుట్టే అవకాశం వస్తది. అవకాశం అనే అంటున్నా, బంధం ఉన్న ప్రతి ఒక్కరి మీదా పుట్టదు, ప్రాణ స్నేహితుల మీద జన్మలో పుట్టకపోవచ్చు. కానీ ఒకసారి పుట్టాక మాత్రం ఆ ఒక్క మనిషి విషయంలో అందరికీ ఉన్నంత గట్టిగానే ఉండొచ్చు, రోజూ ఉండొచ్చు.

అంటే డెమీ వాళ్ళని అడగాల్సింది ఎవరి మీద, ఎలాంటి పరిచయం తర్వాత మొదలైంది అని. గ్రే వాళ్ళని అడగాల్సింది ఎంత తరచుగా వస్తది, ఎంత గట్టిగా వస్తది అని. మీ పేజీలో ఆ అమ్మాయి రాసిందంతా రెండో ప్రశ్నకి జవాబు. కౌన్సెలర్ గారు మొదటి ప్రశ్నకి మందు రాసిచ్చారు.

మా పిన్ని కూతురి సంగతి చెప్తా, ఆమెని అడిగే రాస్తున్నా. డిగ్రీ అయిపోగానే సంబంధాలు మొదలుపెట్టారు. పిన్ని రోజూ రాత్రి అన్నాలయ్యాక మ్యాట్రిమోనీ సైట్ ఓపెన్ చేసి ఫోన్ దీని చేతిలో పెట్టేది, ఇది ఫొటోలు ఒకటొకటీ జరుపుకుంటా పోయేది, "ఇతను ఎలా ఉన్నాడే?" అంటే "బానే ఉన్నాడమ్మా", "ఇతనో?" అంటే "బానే ఉన్నాడమ్మా", అందరూ బానే ఉన్నారు, ఎవరి మీదా ఏమీ లేదు. పెళ్ళిచూపుల్లో అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకోండి అని డాబా మీదకి పంపేవాళ్ళు, కాఫీ చల్లారేలోపు కిందకి వచ్చి నచ్చాడో లేదో చెప్పాలి. అది నిజాయితీగా "నాకు ఏమీ అనిపించలేదు" అని చెప్పేది. నాలుగైదు సంబంధాలు అలా పోయేటప్పటికి పిన్నికి అనుమానం, దీని మనసులో ఎవరో ఉన్నారు, అందుకే ఇలా చేస్తుందని. నాకు ఫోన్ చేసి "నువ్వన్నా కనుక్కోరా, నీకైతే చెప్పిద్ది" అని ఏడ్చింది. కనుక్కోడానికి అక్కడ ఎవరూ లేరు.

తర్వాత అది హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. పక్క సీట్లో ఒకబ్బాయి, రెండేళ్ళు కలిసి లంచ్ బాక్సులు తిన్నారంతే. ఆ అబ్బాయి నాన్నగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైనప్పుడు ఇది ఆఫీసులో అతని పని తను చేసిపెట్టేది, కొన్నిసార్లు హాస్పిటల్‌కి టిఫిన్ పట్టుకెళ్ళేది, అతను వీళ్ళ తమ్ముడి అడ్మిషన్ కోసం తిరిగాడు. అప్పుడు కూడా దానికి స్నేహం తప్ప ఇంకేం లేదు. ఒకరోజు అతను మెడికల్ షాప్ దగ్గర లైన్లో చీటీ పట్టుకుని నిలబడి ఉంటే అటు చూసి, జీవితంలో మొదటిసారి ఒంట్లో ఏదో అయిందని, అది ఏంటో అర్థం చేసుకోడానికే వారం పట్టిందని చెప్పింది. "అన్నయ్యా, ఇన్నాళ్ళూ అందరూ చెప్పేది ఇదా?" అంది నాతో. ఆ మాట నేను మర్చిపోలేను. వాళ్ళిద్దరికీ పెళ్ళైంది, దానికి ఇప్పటికీ ఆ ఒక్క మనిషి మీదే ఆకర్షణ, వేరే ఎవరి మీదా లేదు, అతని మీద మాత్రం ఏ లోటూ లేదు. దానికి కావాల్సింది టైమ్, నమ్మకం. మన పెళ్ళిచూపుల పద్ధతి దానికి ఆ రెండూ ఇవ్వలేకపోయింది, అంతే తప్ప దాంట్లో లోపం లేదు.

ఇప్పుడు నా సంగతి చూడండి, మీ కౌన్సెలర్ గారి సలహా ఎక్కడ తేడా కొట్టిద్దో అర్థమయిద్ది. నాకు వయసొచ్చినప్పటి నుంచీ ఆకర్షణ అనేది చాలా అరుదుగా తెలుసు. అందులో ఒకటి గుంటూరు బస్టాండులో, పేరు కూడా తెలియని మనిషిని చూసి. ఏ బంధమూ లేదు, మాటా లేదు, ఐదు నిమిషాల్లో బస్సు వచ్చి వెళ్ళిపోయింది. డెమీ అయితే అది జరిగే పని కాదు. ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు ఏమీ లేదు, ఫ్రెండ్స్ అంతా అమ్మాయిల గురించి మాట్లాడుకుంటుంటే నేను నవ్వుతా కూర్చునేవాణ్ణి. పెళ్ళైంది. మా ఆవిడ నాకు దొరకడం నా అదృష్టం, నా మనసులో ఉన్నదంతా తెలిసిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. బంధమే తాళం చెవి అయితే మా ఇంట్లో ఆ తలుపు రోజూ తెరుచుకోవాలి కదా, తెరుచుకోదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తది, మళ్ళీ నెలల తరబడి ఉండదు, అది రాని రోజుల్లో ఆమె మీద ప్రేమ ఒక్క పిసరు కూడా తగ్గదు.

మాకూ ఇదే సలహా ఇచ్చారు, కలిసి ఉండండి, కాలమే అన్నీ సర్దిద్ది, అరకు వెళ్ళి రండి అని. వెళ్ళాం, బాగా తిరిగాం, సంతోషంగా తిరిగొచ్చాం, ఈ విషయంలో మాత్రం ఏం మారలేదు. ఇలాంటి సలహా ఏమీ మార్చకపోవడంతో ఊరుకోదండీ, నష్టం కూడా చేస్తది. దగ్గరైతే అదే వస్తది అన్నారు, దగ్గరయ్యాం, రాలేదు, అంటే నిజంగా దగ్గరవ్వలేదేమో అని ఇద్దరికీ అనుమానం మొదలైంది. ఒకరోజు మా ఆవిడ బట్టలు మడతపెడతా పెడతా, నా వైపు చూడకుండా, "ఏవండీ, నాలో ఏమన్నా తక్కువుందా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె చేత అడిగించింది నా ఒంటి తీరు ఒక్కటే కాదు, ఆ తీరుని వేరే దేనికో ముడిపెట్టిన సలహా కూడా. గ్రే అనే మాట దొరికి, దాని గురించి చదివి, ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాక ఆ ప్రశ్న మా ఇంట్లో మళ్ళీ రాలేదు. ఏది ఎప్పుడు ఎంతవరకు అనేది మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం, అది మా ఇద్దరి మధ్య విషయం. ఆ ఒప్పందంలో ఆమె అవసరాలకి కూడా నా అంత విలువ ఉందని మాత్రం చెప్తా, ఎందుకంటే ఆకర్షణ అందరిలాగే ఉన్న మనిషికి మాలాంటి వాళ్ళతో కాపురం తేలిక కాదు, వాళ్ళ బాధని పక్కనబెట్టి మా గురించే మాట్లాడటం న్యాయం కాదు.

ఇంకో మాట కూడా వింటుంటాను, డెమీ అంటే కొత్తగా ఏముంది, మంచి కుటుంబాల్లో పెరిగిన వాళ్ళంతా అంతే కదా, మనసు కలిసాకే కదా ఏదైనా అని. కాదండీ. చాలామంది సంస్కారం వల్లో, నమ్మకం వల్లో, పెద్దవాళ్ళ భయం వల్లో ఆగుతారు. ఆగుతున్నారంటేనే లోపల ఏదో ఉందని అర్థం. డెమీ వాళ్ళకి ఆపుకోవడానికి మొదట్లో అసలు ఏమీ ఉండదు. బ్రహ్మచర్యం పాటించే స్వామీజీ తన కోరికని జయించాలని సాధన చేస్తాడు, అది ఆయన ఎంచుకున్న దారి, మాలో ఎవరూ దీన్ని ఎంచుకోలేదు. అందుకే డెమీ వాళ్ళని పొగడాల్సిన పనీ లేదు, గ్రే వాళ్ళని జాలిగా చూడాల్సిన పనీ లేదు. ఒంట్లో కోరిక అసలు ఉండదా అని కూడా అడుగుతారు, కోరిక వేరు, ఫలానా మనిషి మీద ఆకర్షణ వేరు, మాలో కొందరికి మొదటిది మామూలుగానే ఉంటది, అది ఎవరి వైపూ తిరగదు, అంతే.

రెండూ కలగలిసిన వాళ్ళు కూడా ఉంటారు. బంధం ఏర్పడ్డాకే పుడతది, పుట్టాక కూడా అరుదుగానే వస్తది అనే వాళ్ళున్నారు, వాళ్ళు ఏ పేరు పెట్టుకోవాలో వాళ్ళిష్టం. డెమీ కూడా గ్రే అనే పెద్ద గొడుగు కిందదే అనే వాళ్ళున్నారు, కాదు రెండూ పక్కపక్కన ఉండేవి అనే వాళ్ళున్నారు. 2010లో వచ్చిన ఏసెక్సువల్ జెండాలో నలుపు, బూడిద, తెలుపు, ఊదా అని నాలుగు చారలుంటే ఆ బూడిద చారే గ్రే వాళ్ళకీ డెమీ వాళ్ళకీ ఇద్దరికీ గుర్తు. ఇలా ఒకే చారలో ఉండటం వల్లే చాలామంది రెండిటినీ ఒకటే అనుకుంటారేమో. బ్లడ్ టెస్టు చేసి చెప్పేది కాదు ఇది, ఎవరి అనుభవం వాళ్ళు చూసుకుని చెప్పుకునే పేరు. మీ పేజీలోని అమ్మాయి కూడా చివరికి తనే తేల్చుకోవాలి, నేను ఇక్కడ కూర్చుని ఆమెకి ముద్ర వేయట్లేదు, ఆమెకి ఒక్క డెమీ అనే దారే చూపించి రెండోది చూపించలేదని అంటున్నా.

ఇదంతా ఇప్పటి కుర్రాళ్ళు ఇన్‌స్టాగ్రామ్‌లో నేర్చుకున్న ఫ్యాషన్ అనే వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. అమెరికాలో కిన్సీ అనే ఆయన 1948లో మగవాళ్ళ లైంగిక ప్రవర్తన మీద పెద్ద పుస్తకం వేసినప్పుడు, ఆకర్షణ ఆడవాళ్ళ వైపా, మగవాళ్ళ వైపా, ఎంతెంత అని కొలవడానికి సున్నా నుంచి ఆరు దాకా స్కేలు పెట్టి, ఆ స్కేలు మీద ఎక్కడా ఇమడని వాళ్ళని ఎక్స్ అనే గుర్తు పెట్టి పక్కన రాసుకున్నాడు. 1980 ప్రాంతంలో మైకేల్ స్టార్మ్స్ అనే సైకాలజిస్టు ఏసెక్సువల్ వాళ్ళకి కూడా చోటుండేలా వేరే పటం గీశాడు. 2004లో కెనడా ప్రొఫెసర్ ఆంథనీ బొగార్ట్ బ్రిటన్‌లో 18 వేల మందికి పైగా జవాబులిచ్చిన పాత సర్వే ఒకటి తీసి చూస్తే దాదాపు 1 శాతం మంది నాకు ఎవరి మీదా ఎప్పుడూ లైంగిక ఆకర్షణ కలగలేదు అన్నారు. ఈ 1 శాతం అంకెని అందరూ చెప్తారు గానీ నాకు అందులో కనపడింది ఏంటంటే, ప్రశ్న ఎప్పుడూ కలగలేదా అని. గుంటూరు బస్టాండులో ఒక్కసారి కలిగిన నేను, రెండేళ్ళ స్నేహం తర్వాత ఒక్కరి మీద కలిగిన మా చెల్లి, ఇద్దరం ఆ గడిలో టిక్కు పెట్టలేం. ఆ లెక్కలో మేము మామూలు వాళ్ళలో కలిసిపోతాం. 2001లో డేవిడ్ జే అనే కుర్రాడు అమెరికాలో ఏవెన్ అనే సంస్థ మొదలుపెట్టాక, ప్రపంచం నలుమూలల నుంచీ ఇలాంటి వాళ్ళు అక్కడ చేరి ఒకళ్ళ అనుభవాలు ఒకళ్ళు చెప్పుకుంటుంటే, 2006 ప్రాంతంలో గ్రే, డెమీ అనే ఈ రెండు మాటలూ వాళ్ళ మధ్య నుంచే పుట్టాయి. లెక్కల్లో కనపడని వాళ్ళు తమకి తాము పెట్టుకున్న పేర్లు ఇవి. మన దేశంలో డాక్టర్ ప్రగతి సింగ్ ఇండియన్ ఏసెస్ (ఏస్ అంటే ఏసెక్సువల్‌కి పొట్టి పేరు) అనే గ్రూపు నడిపారు, 2019లో బీబీసీ వాళ్ళ వంద మంది మహిళల లిస్టులో ఆమె పేరుంది.

జబ్బు కాదా అంటారా, మానసిక వైద్యులంతా చూసుకునే అమెరికా వాళ్ళ మాన్యువల్ డీఎస్ఎం ఐదో ఎడిషన్, 2013లో వచ్చింది, అందులో లైంగికాసక్తి లేకపోవడాన్ని జబ్బుగా రాసిన చోటే, ఆ మనిషి తనని తాను ఏసెక్సువల్ అని చెప్పుకుంటే ఆ జబ్బు పేరు పెట్టకూడదని కూడా రాశారు. అలాగని డాక్టర్ దగ్గరికి పోవద్దని నేను అనట్లేదు. నిన్నటిదాకా మామూలుగా ఉండి ఈమధ్యే ఆసక్తి పడిపోతే తప్పకుండా చూపించుకోవాలి, థైరాయిడ్ కావొచ్చు, షుగర్ కావొచ్చు, డిప్రెషన్ కావొచ్చు, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందుల వల్ల కావొచ్చు, కాన్పు తర్వాత వచ్చే మార్పులు కావొచ్చు, వాటికి వైద్యం ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకేలా ఉండటం వేరు, ఉన్నది పోవడం వేరు. మీ కౌన్సెలర్ గారు ఆ అమ్మాయిని ఈ ఒక్క ముక్క అడిగినా బాగుండేది.

ఇక్కడే మీ పేపర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, కోపగించుకోకండి. ఆ సలహా వచ్చిన ఆదివారమే, క్లాసిఫైడ్స్‌లో నరాల బలహీనతకి గ్యారంటీ వైద్యం, ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో డాక్టర్ గారు దొరుకుతారు అనే ప్రకటన ఉంది. పెళ్ళైన కొత్తలో మా బంధువు ఒకాయన నన్ను అలాంటి లాడ్జికే తీసుకెళ్ళాడు. గదిలో మంచం మీద మందుల సీసాలు వరసగా పరిచి ఉన్నాయి, ఆయన నా మొహం చూడకుండా చెయ్యి పట్టుకుని నాడి చూసి, చిన్నప్పటి అలవాట్ల వల్ల నరాలు చచ్చుబడ్డాయి, మూడు నెలల కోర్సు అన్నాడు. నా నరాలకి ఏ జబ్బూ లేదు. ఆ పొడి మింగి కడుపులో మంట తెచ్చుకున్నా, ఒక నెల జీతం పోయింది, దానికంటే ఎక్కువగా నేను మగాణ్ణేనా అనే ప్రశ్న లోపల దిగబడిపోయింది. లైంగిక శక్తి పెంచుతామని చెప్పే ప్రకటనలు వేయకూడదని 1954 నుంచే చట్టం ఉంది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అంటారు. ప్రచురించే వాళ్ళకి కూడా అది వర్తిస్తది. సలహాల పేజీలో మంచి మాట చెప్పి, వెనక పేజీలో ఆ లాడ్జి అడ్రస్ ఇస్తుంటే ఆ అమ్మాయి భర్తని వాళ్ళ వాళ్ళు ఎక్కడికి తీసుకెళ్తారో ఆలోచించండి. మార్చేస్తాం, మామూలు చేస్తాం అనే చికిత్సల మీద మద్రాస్ హైకోర్టు 2021లో గట్టిగా మాట్లాడింది, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ అలాంటి కన్వర్షన్ థెరపీ చేయడం డాక్టర్లకి వృత్తిపరమైన తప్పు అని చెప్పింది.

పెళ్ళి దగ్గరికొచ్చేసరికి విషయం కోర్టు దాకా పోవచ్చు కాబట్టి అదీ చెప్పాలి. కారణం లేకుండా చాలాకాలం భార్యనో భర్తనో దూరం పెట్టడం మానసిక క్రూరత్వం కావొచ్చని 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకోపక్క, వేరుగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు ఆర్డర్ వేయించే సెక్షన్ ఉంది హిందూ వివాహ చట్టంలో, తొమ్మిదోది, దాన్ని 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు సరిత కేసులో కొట్టేశారు, ఇష్టం లేని మనిషిని పడకగదిలోకి నెట్టే ఆర్డర్ రాజ్యాంగానికి విరుద్ధం అని. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో అది ఒప్పుకోలేదు, ఆ సెక్షన్ ఇప్పటికీ ఉంది. మన హైకోర్టు ఆ రోజు చూసిన చూపు సరైనదని నా నమ్మకం. కానీ చట్టం ఎలా ఉన్నా, గ్రే అని తనకి తెలిసిన మనిషి పెళ్ళికి ముందే అవతలి మనిషికి చెప్పాలి, అది నేను గట్టిగా అంటా. చెప్పకుండా తాళి కట్టడం అవతలి మనిషి జీవితంతో ఆడుకోవడమే. చెప్పాలంటే ముందు ఆ మనిషికి తన సంగతి తనకి అర్థమవ్వాలి, మా ఊళ్ళల్లో అర్థమయ్యే దారి మీలాంటి పేపర్లే. డెమీ వాళ్ళయితే చెప్పే మాట వేరే ఉంటది, నాకు టైమ్ కావాలి, నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య గడువు పెంచండి, ఒకరికొకరం తెలుసుకోనివ్వండి అని. గ్రే వాళ్ళు చెప్పేది, టైమ్ ఇచ్చినా ఇది ఎక్కువ మారకపోవచ్చు, తెలిసి ఒప్పుకుంటేనే ముందుకెళ్దాం అని. చూశారా, ఒకళ్ళ మాట ఇంకొకళ్ళు చెప్తే రెండు ఇళ్ళూ మునుగుతాయి. గ్రే మనిషి నాకు కొంచెం టైమ్ ఇస్తే చాలు అని చెప్పి పెళ్ళి చేసుకుంటే అవతలి వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తా కూర్చుంటారు. డెమీ మనిషి నాకు ఇది రాదు అనుకుని పెళ్ళే వద్దనుకుంటే, మా చెల్లికి దొరికిన సంసారం దొరక్కుండా పోద్ది.

అత్తగారిళ్ళకి ఇది చెప్పేదెలా, పిల్లలు లేరేంటి అని వీధిలో అడిగితే ఏం చెప్పాలి, ఇవన్నీ ఉన్నాయి, అవి ఇంకో ఉత్తరానికి సరిపడా.

నేను మిమ్మల్ని అడిగేవి ఇవే. ఆ సలహాల పేజీలోనే, అంతే జాగాలో, ఆ అమ్మాయికి ఇంకో జవాబు వేయండి, అందులో గ్రే ఏసెక్సువల్ అనే మాట ఉండాలి, నీ ప్రేమలో లోటు లేదు అనే మాట ఉండాలి, భర్తకి ఏం చెప్పాలో, భర్త అడిగే ప్రశ్నలకి ఏం జవాబివ్వాలో ఉండాలి. ఎవరితో మాట్లాడాలో తెలియని వాళ్ళకి ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేయండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఏటా అక్టోబర్ చివర్లో ఏస్ వీక్ అని జరుపుకుంటారు, ఈసారి ఆ వారం ఆదివారం పుస్తకంలో ఒక పేజీ ఇవ్వండి, లాయర్నీ డాక్టర్నీ రాయమనండి, వాళ్ళతో పాటు నాలాంటి వాళ్ళ చేత, మా ఆవిడ లాంటి వాళ్ళ చేత కూడా రాయించండి. రాయడానికి మా ఆవిడ ఒప్పుకుంది, తన పేరు వేయొద్దంది అంతే. లాడ్జి ప్రకటనలు మాత్రం అక్టోబర్ దాకా ఆగక్కర్లేదు, రేపటి ఎడిషన్ నుంచే తీసేయొచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి మండలం
(దయచేసి పేరు ప్రచురించవద్దు)